ఇంట్లో ఉన్నది మనవాళ్ళేనా?

పాలు మాడిన గిన్నెను గొడుగాయన పీచుతో రుద్దుతున్నాడు. రుద్దుతూ మాట్లాడుతున్నాడు. గదిలో ఇంకెవరూ లేరు.

"నువ్వు గుర్తుపట్టకపోయినా ఫరవాలేదురా తమ్ముడూ," అన్నాడు గిన్నెతో. చెయ్యి ఆగింది. అవతలి మనిషి జవాబు చెప్పడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపూ ఊరుకున్నాడు. "అబ్బే, ఉండిపోడానికి రాలేదు. ఒకసారి చూసి పోదామని వచ్చానంతే," అని మళ్ళీ రుద్దడం మొదలుపెట్టాడు.

అవి పాత మాటలు. వాటితో ఇప్పుడెవరికీ పనిలేదు. నోటికి అలవాటైపోయి, చేతులు నీళ్ళలో పెడితే చాలు వచ్చేస్తాయి.

రోజూ సాయంత్రం టీవీలో వచ్చే బొమ్మల సీరియల్లోవి ఆ మాటలు. అందులో ఒక కుటుంబం. తండ్రి, తల్లి, ఇద్దరు పిల్లలు, ప్రతిదానికీ మూతి ముడుచుకునే ఒక పిల్లి. కొన్నాళ్ళకి కథ చప్పబడేసరికి, రాసేవాళ్ళు ఆలోచించి ఆ ఇంటాయనకి ఎప్పుడో తప్పిపోయిన సవతి అన్ననొకణ్ణి పుట్టించారు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. ఎండైనా వానైనా చంకలో గొడుగుండాల్సిందే, దాన్ని మాత్రం ఎప్పుడూ విప్పడు. సీరియల్లో పిల్లలు 'గొడుగు పెదనాన్నా' అని పిలిచారు. ఆ బొమ్మకి గొంతిచ్చిన మనిషికి స్టూడియోలో 'గొడుగాయన' అనే పేరు అంటుకుంది. అది అక్కణ్ణుంచి టీ కొట్టుదాకా, టీ కొట్టునుంచి అద్దెగది ఓనరుదాకా పాకింది. సొంత పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేక ఆ పేరు మూలన పడింది.

ఆ పాత్రకి గొంతు వెతుకుతున్నప్పుడు డైరెక్టరు, "చాలా ఏళ్ళ తర్వాత ఇంటికొచ్చిన మనిషి. గుమ్మంలో నిలబడి పిలవాలి. కానివ్వండి," అన్నాడు. అప్పటిదాకా గుంపులో అరుపులు, వీధిలో మొరిగే కుక్కలు, తలుపు వెనక దగ్గే ముసలాళ్ళు, ఇవే గొడుగాయన వాటా. కళ్ళు మూసుకున్నాడు. ఎక్కడో అడుగున పడి ఉన్న గొంతొకటి లేచి వచ్చింది. "ఇంట్లో ఉన్నది మనవాళ్ళేనా?"

కాగితంలో ఆ మాట లేదు, అయినా డైరెక్టరు దాన్ని అట్లాగే ఉంచేశాడు. అది ఆయన తండ్రి మాట. చిన్నప్పుడు తండ్రి పనినుంచి వచ్చి, గుమ్మంలో చెప్పులు విడుస్తూ రోజూ అదే అడిగేవాడు. లోపల భార్యా కొడుకూ తప్ప ఇంకెవరూ ఉండరని తెలిసే అడిగేవాడు. "కాదు, దొంగలం!" అని కొడుకు లోపలినుంచి అరిచేవాడు. ఒకరోజు ఆ ప్రశ్న వినబడలేదు. మర్నాడూ వినబడలేదు. తండ్రి వేరేచోట వేరే సంసారం పెట్టాడని కొన్నాళ్ళకి తెలిసింది. ఇంట్లో ఫొటో లేదు. మొహం మెల్లమెల్లగా చెరిగిపోయింది. గొంతు మాత్రం చెవిలో చెక్కుచెదరకుండా ఉండిపోయింది.

బొమ్మల సీరియల్లో గొంతులిచ్చేవాళ్ళు కలిసి కూర్చోరు. ఎవరి మాటలు వాళ్ళు, ఎవరికి వీలైన రోజున వాళ్ళు, అద్దాల గదిలో ఒంటరిగా నిలబడి చెప్పి వెళ్ళిపోతారు. అవతలివాళ్ళ మాట ఉన్నచోట ఖాళీ వదలాలి. ఖాళీలు వదలడంలో గొడుగాయన దిట్ట. తర్వాత అన్నీ కలిపి అతికిస్తే, టీవీలో అందరూ ఒకే బల్ల చుట్టూ కూర్చుని ఒకరిమీద ఒకరు పడి నవ్వుతున్నట్టే ఉండేది. సీరియల్లో తను కౌగిలించుకుని భోరుమన్న తమ్ముడు ఒకసారి స్టూడియో వరండాలో నిజంగానే ఎదురుపడ్డాడు. "బాత్రూం ఎటండీ?" అని అడిగాడు. గొడుగాయన చూపించాడు. వాళ్ళ చుట్టరికం అంతవరకే.

ఆ పాత్ర ఎక్కువకాలం నిలవలేదు. "మీ గొంతు విని మా అత్తగారు కళ్ళొత్తుకుంటోందండీ. ఇది కామెడీ, నవ్వించి చావాలి కదా," అన్నాడు డైరెక్టరు, నవ్వుతూనే. ఆ తర్వాత పిలుపు రాలేదు. ఒక సాయంత్రం టీవీ పెడితే, గొడుగు పెదనాన్న అగ్గిపెట్టె తెస్తానని చేత్తో సైగ చేసి గుమ్మం దాటాడు. మరి తిరిగి రాలేదు. మాట ఉంటే గొంతిచ్చే మనిషిని పిలిపించాలి. అందుకని మాట లేకుండానే పంపేశారు.

గిన్నె బోర్లిస్తుంటే తలుపు చప్పుడైంది. తీస్తే ఎవరో మనిషి. తనకంటే చిన్నవాడు. మోచేతులదాకా గ్రీజు మరకలు.

"సార్, గొడుగాయనంటే మీరేనా?" పక్కగదివాళ్ళు తొంగిచూసేంత గట్టిగా అడిగాడు. "కేకలేస్తున్నాననుకోకండి. మోటార్లకి తీగ చుట్టే షాపు నాది. రోజంతా ఆ మోతలో ఉండి మెల్లగా మాట్లాడడం మర్చిపోయాను."

లోపలికొచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు. తన తండ్రి పేరు చెప్పాడు. గొడుగాయన చేతిలోని తువ్వాలు అట్లాగే ఉండిపోయింది. అది తన తండ్రి పేరు కూడా.

"మీరున్నారని మాకు తెలుసండీ. ఎక్కడున్నారో తెలీదు." అతని గొంతు కొంచెం తగ్గింది. "నాన్న పోయి ఏడాది దాటింది. అమ్మకి ఆ సంగతి గుర్తుండదు. చెప్తే ఏడుస్తుంది. తెల్లారేసరికి మర్చిపోయి, మీ నాన్న ఏడిరా అని మళ్ళీ అడుగుతుంది. ఎన్నిసార్లని చంపను మా నాన్నని? కాలక్షేపానికి టీవీ పెట్టి కూర్చోబెట్టాం. ఒకరోజు మీ బొమ్మ గుమ్మంలోకొచ్చి మా నాన్న మాట, మా నాన్న గొంతుతోనే అన్నాడు. నా చేతిలో గ్లాసు జారి పడింది. అమ్మేమో, 'వచ్చారా, ఇంత ఆలస్యమా' అంటూ లేచి తల దువ్వుకుంది. ఆ గొంతు వినబడిన రోజునే కడుపునిండా తినేది. మీరెక్కడుంటారో కనుక్కునేలోపల మీ పాత్రనే తీసేశారాయె."

"తీసేశారు," అన్నాడు గొడుగాయన.

"అందుకని... రోజూ సాయంత్రం కాసేపు వచ్చి మాట్లాడిపోతే... నాన్నలాగా."

గొడుగాయన తువ్వాలు మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు. వచ్చినవాడి చెవులు పైఅంచున కొంచెం ముడుచుకుని ఉన్నాయి. తన చెవులూ అంతే. ఇన్నాళ్ళూ అది తల్లివైపు పోలికనుకున్నాడు. ఈ మనిషి ఒక్కసారి 'అన్నయ్యా' అంటే చాలు, దానికి తను సొంత గొంతుతో 'ఏరా' అంటే చాలు అనిపించింది. ఆ ఇంటినుంచి అంతకుమించి ఏదీ అక్కర్లేదు.

"వస్తాను," అన్నాడు.

"చాలా థాంక్స్ సార్," అన్నాడు తమ్ముడు.

తమ్ముడి ఇల్లు ఇరుకైనా శుభ్రంగా ఉంది. తమ్ముడి తల్లి తనకి పిన్ని వరస. ఆవిడ గదికి తలుపు లేదు, తెర ఉంది. తెరకి ఇవతల నడవాలో బట్టలుతికే మిషను, దాని పక్కన ఒక స్టూలు. పిన్నికి చూపు ఆనకపోయినా చేత్తో తడిమితే మనిషిని పోల్చుకుంటుంది. అందుకని దగ్గరికి వెళ్ళడానికి లేదు. స్టూలుమీద కూర్చుని తెరతో మాట్లాడాలి. అద్దాల గదికీ దీనికీ పెద్ద తేడా ఏమీ కనిపించలేదు ఆయనకి.

ముందుగా వంటింట్లో గుసగుసగా పాఠం జరిగింది. "నాన్న అమ్మని పేరుపెట్టి పిలవడు, 'ఇదిగో' అంటాడు," అన్నాడు తమ్ముడు. "ఏదడిగినా 'చూద్దాంలే' అంటాడు. సగం సంసారం ఆ 'చూద్దాంలే'తోనే లాక్కొచ్చాడు."

"మీరు మాత్రం తక్కువ తిన్నారా?" అంది మరదలు గరిటె తిప్పుతూ. "ఈ కొళాయి బాగుచేయించమంటే మీరనేదీ అదేగా! బావగారూ, మీరు గొంతు వరకే తెచ్చుకోండి, బుద్ధులు తెచ్చుకోకండి."

'బావగారూ' అంది. పక్కనున్న గ్లాసు అందుకున్నంత తేలిగ్గా అనేసింది. గొడుగాయన తమ్ముడి వైపు చూశాడు. "వెళ్దామా సార్?" అన్నాడు తమ్ముడు.

స్టూలుమీద కూర్చుని గొంతు సవరించుకున్నాడు. "ఇంట్లో ఉన్నది మనవాళ్ళేనా?"

లోపల మంచం కిర్రుమంది. "కాదు, దొంగలం!" అని పకపకా నవ్వింది పిన్ని.

గొడుగాయన తలెత్తాడు. అది తన జవాబు. తండ్రి వెళ్ళేటప్పుడు ఏమీ పట్టుకెళ్ళలేదని, ఉతికి మడిచిన చొక్కాలు కూడా వదిలేసి పోయాడని తల్లి అంటూ ఉండేది. ఇదొకటి పట్టుకెళ్ళాడన్నమాట. పట్టుకెళ్ళి ఇక్కడివాళ్ళకిచ్చాడు. సంతోషించాలో ఏడవాలో తెలియక తెరమీది పువ్వుల్ని చూస్తూ కూర్చున్నాడు.

"ఏం, నోరు పెగలదా? మీరు చచ్చిపోయారంటున్నారు వీళ్ళు. నేను నమ్మలేదు. మొదలుపెట్టిన పని పూర్తిచేసిన మనిషేనా ఆయన, అన్నాను."

"చూద్దాంలే," అన్నాడు గొడుగాయన.

నడవా చివర మరదలు రెండు చేతులతో నోరు మూసుకుని వంటింట్లోకి పరుగెత్తింది.

ఆ రోజే వెళ్ళబోతూ, వంటింటి గడపలో నిలబడి, "కాసిని మంచినీళ్ళిస్తావామ్మా," అన్నాడు. సొంత గొంతు. తెర వెనకనుంచి కేక వచ్చింది. "ఎవరా మగమనిషి? ఏమండీ! ఇంట్లోకి ఎవరో దూరారు!" పిన్ని మంచం దిగబోయింది, వణికిపోయింది, తమ్ముడు పట్టుకున్నా ఆగలేదు. గొడుగాయన గబగబా స్టూలు దగ్గరికొచ్చి తండ్రి గొంతుతో, "ఎవరూ లేరు. నేనే ఉన్నాను, పడుకో," అన్నాడు. అప్పటికిగాని ఆవిడ కుదుటపడలేదు.

ఆ తర్వాత ఆయన ఆ ఇంట్లో సొంత గొంతు విప్పలేదు. చప్పుడు వినబడకుండా చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చేవాడు, చేత్తో పట్టుకుని వెళ్ళేవాడు. కావలసినవి సైగలతో అడిగేవాడు. మరదలికి అది తెగ నచ్చింది. "మీతో మాట్లాడితే ఎంత హాయి బావగారూ! అడ్డురారు, ఎదురు చెప్పరు. ఈ రోగమేదో మీ తమ్ముడికీ కాస్త అంటించిపోకూడదూ?" ఆయన భుజాలు కదిలేలా నవ్వేవాడు, చప్పుడు లేకుండా. ఆమె పళ్ళెంలో భోజనం పెట్టి తెస్తే మిషను మూతమీద పెట్టుకుని తినేవాడు. ఆ పక్క గదిలో బల్ల దగ్గర వాళ్ళిద్దరూ తినే చప్పుడు వినబడేది.

తెర అవతల మాత్రం పిన్ని జవాబులు చెప్పేది. ఏళ్ళతరబడి ఖాళీలు వదిలిన మనిషికి, వదిలిన ప్రతి ఖాళీలోనూ ఒక మాట వచ్చి కూర్చోవడం వింతగా ఉండేది. ఆవిడ నోటివెంటే తండ్రి గురించి తెలిసింది. సూది పొడుస్తారంటే ఆస్పత్రి గోడ దూకి పారిపోయాడట. కొత్త చెప్పులు కొంటే అరిగిపోతాయని ఇంటిదాకా చేతిలో పట్టుకుని నడిచాడట. "పిసినారి అనుకున్నారు వీధంతా," అని ఆవిడ నవ్వితే ఆయనా నవ్వేవాడు, తండ్రి నవ్వు. గదికొచ్చాక ఒక్కోసారి తన నవ్వు ఎట్లా ఉంటుందో గుర్తుకొచ్చేది కాదు. అద్దం ముందు నవ్వి చూసుకునేవాడు.

ఒకరోజు వంటింట్లో మాటలు చెవిన పడ్డాయి. "ఇన్నాళ్ళనుంచి వస్తున్నాడాయన. అన్నయ్యా అనడానికి నోరు రాదా మీకు?" అంటోంది మరదలు.

"అందామనే ఉంటుందే," అన్నాడు తమ్ముడు. "కానీ ఆయన నోరు తెరిస్తే నాన్న మాట్లాడుతున్నట్టుంటుంది. నాన్నని పట్టుకుని అన్నయ్యా అని ఎట్లా అనను? నాలిక తిరగదు."

గొడుగాయనకి ఆ రాత్రి నిద్రపట్టలేదు. ఏ గొంతు పట్టుకుని ఆ ఇంట్లోకి వెళ్ళాడో అదే గొంతు తనకి అడ్డంగా నిలబడింది. తన మాట తమ్ముడు వింటే తప్ప లాభంలేదనుకుని, పొద్దున్నే షాపుకి వెళ్ళాడు. లోపల రెండు మోటార్లు ఒకేసారి గిర్రున తిరుగుతున్నాయి. తమ్ముడు ఒళ్ళో తీగచుట్ట పెట్టుకుని తల ఊపాడు.

"నన్ను సార్ అనకురా," అన్నాడు గొడుగాయన, తన సొంత గొంతుతో.

"ఏంటి సార్?" అని అరిచాడు తమ్ముడు.

"సార్ అనొద్దంటున్నాను!"

"టీయా? ఇప్పుడే తెప్పిస్తాను సార్!"

టీ వచ్చింది. తాగి వచ్చేశాడు.

ఆ సాయంత్రం పిన్ని ఎప్పటిలా కబుర్లలోకి దిగలేదు.

"ఇదిగో, నిద్రపోయావా?" అన్నాడాయన.

"లేదు. ఒకటడుగుతాను. చూద్దాంలే అనకూడదు."

"అననులే. అడుగు."

"ఆ పెద్దోడు. మీ మొదటివాడు. వాడి దగ్గరికి ఎప్పుడైనా వెళ్ళారా?"

గొడుగాయన మిషనుమీద ఉన్న సబ్బుపొడి డబ్బా వైపు చూస్తూ ఉండిపోయాడు.

"నాకు తెలుసులెండి," అంది పిన్ని. "కొత్తలో చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడేవారు. ఎక్కడికంటే చెప్పేవారు కారు. వెళ్తే ఇక రారని నా గుండెల్లో రాయి పడేది. పొయ్యి వెలగట్లేదనో, కిటికీ రెక్క పడట్లేదనో ఏదో ఒక పని చెప్పేదాన్ని. చెప్పులు విడిచి లోపలికొచ్చేవారు." మంచం కిర్రుమంది. "నిజం చెప్పనా? మిమ్మల్ని ఆపడం ఏమంత కష్టం కాలేదు. అదే ఇప్పుడు నన్ను తినేస్తోంది. వాడు ఎట్లా ఉన్నాడో ఏమో. వెళ్ళారా?"

ఇంతటి మాటకి ఎంత ఖాళీ వదలాలో ఆయనకి తెలియలేదు. నడవా చివర చప్పుడైంది. షాపునుంచి వచ్చిన తమ్ముడు టిఫిన్ డబ్బా పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. అతనూ విన్నాడు.

ఎవరూ రాలేదు. ఏ రోజూ తండ్రి వచ్చి తన గుమ్మంలో నిలబడలేదు. ఆ సంగతి చెప్పగలిగినవాడు ఈ లోకంలో తనొక్కడే. కానీ ఇక్కడ అడుగుతున్నది తనని కాదు.

"వెళ్ళాను," అన్నాడు తండ్రి గొంతుతో.

"నిజంగా? గుర్తుపట్టాడా?"

"మొహం గుర్తుపట్టలేదు. గొంతు గుర్తుపట్టాడు."

"తిట్టాడా?"

"లేదు. భోంచేసి వెళ్ళమన్నాడు."

"ఎట్లా ఉన్నాడు?"

"బాగున్నాడు. పెద్ద ఇల్లు. భార్య, ఇద్దరు పిల్లలు. ప్రతిదానికీ మూతి ముడుచుకునే పిల్లి ఒకటి. సాయంత్రమైతే అందరూ ఒకే బల్ల చుట్టూ చేరతారు. ఒకటే నవ్వులు."

పిన్ని గుండెలనిండా ఊపిరి తీసి వదిలింది. "అమ్మయ్య. ఇన్నాళ్ళకి నా బరువు దిగింది. అయితే వాడికి ఏ లోటూ లేదు. ఇంక వాడికి మనతో పనేముంది? ఇకమీదట వెళ్ళకండి. ఇంటిపట్టున ఉండండి."

"చూద్దాంలే."

"అదుగో! సరే అనండి."

గొడుగాయన తమ్ముడి వైపు చూశాడు. తమ్ముడు నేలవైపు చూస్తున్నాడు.

"సరే," అన్నాడు.

ఆ మాట తండ్రి ఎట్లా అంటాడో ఎవరూ నేర్పలేదు. అయినా దానంతటదే వచ్చింది, కొంచెం అలసటగా, చెప్పులు విడుస్తూ అన్నట్టుగా. తన దగ్గరికి ఎప్పటికీ రానని తండ్రి తరఫున తన నోటితోనే మాటిచ్చాడు.

లోపల పిన్ని అటువైపు తిరిగి పడుకున్న చప్పుడైంది. గొడుగాయన స్టూలుమీదనుంచి లేచి, మేకుకి తగిలించిన సంచీ అందుకున్నాడు. తమ్ముడు టిఫిన్ డబ్బా కింద పెట్టి గబగబా వచ్చాడు. గ్రీజు చేత్తో ఆయన మణికట్టు పట్టుకున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అన్నయ్యా," అన్నాడు.

మోతలో పెరిగిన గొంతాయె, మెల్లగా అనబోయినా మెల్లగా రాలేదు. "అన్నయ్యా, ఉండు. ఇవాళ మాతో కూర్చుని తిను."

గొడుగాయన నోరు తెరిచాడు. 'ఏరా' నాలిక చివరిదాకా వచ్చింది.

"ఎవర్రా అది?" తెర వెనక పిన్ని గొంతు వణికింది. "ఎవర్ని అన్నయ్యా అంటున్నావు? ఏమండీ, ఎవరొచ్చారు?"

తమ్ముడు తెరవైపు చూశాడు. అన్నవైపు చూశాడు. పట్టుకున్న చెయ్యి వదల్లేదు.

"ఎవరూ లేరమ్మా," అన్నాడు.

మరదలు అప్పటికే బల్లమీద మూడో పళ్ళెం పెట్టి, చేతిలో గ్లాసుతో ఇటే చూస్తోంది. గొడుగాయన తెరిచిన నోరు మూసుకున్నాడు. తమ్ముడి చేతిమీద తన రెండో చెయ్యి వేసి, కాసేపుంచి, మెల్లగా విడిపించుకున్నాడు. నడవా దాటాడు. గుమ్మంలో వంగి చెప్పులు తీసుకుని, వాటిని చేత్తో పట్టుకునే మెట్లు దిగి వెళ్ళిపోయాడు.